జైలు గోడ మీది ఫిర్యాదు ఫోను, ఆసుపత్రికి తోడొచ్చే అడ్వొకేట్: ఒక జైలు నర్సు రివ్యూ

అమెరికాలో ఒక రాష్ట్ర ప్రభుత్వ జైల్లో నర్సుగా చేస్తున్నాను. మగవాళ్ళ జైలు. ఏ రాష్ట్రమో చెప్పను. మా దగ్గరికొచ్చిన ఏ ఖైదీ సంగతీ ఇక్కడ రాయను. నేను రివ్యూ రాస్తున్నది రెండు సేవల గురించి. ఒకటి, జైల్లో లైంగిక దాడికి గురైన మనిషి బయటివాళ్ళకి చెప్పుకోడానికి పెట్టిన ఫోన్ లైను. రెండోది, ఆ మనిషిని పరీక్షకి ఆసుపత్రికి తీసుకెళ్ళినప్పుడు పక్కన ఉండడానికి బయటి సంస్థ నుంచి వచ్చే అడ్వొకేట్. ఇక్కడ అడ్వొకేట్ అంటే లాయరు కాదు, బాధితుడికి తోడుగా ఉండే మనిషి. ఫోన్ లైనుకి 5కి 2 ఇస్తాను. అడ్వొకేట్ సేవకి 5కి 5, ఏమాత్రం సంకోచం లేకుండా. రెండూ ఒకే చట్టం వల్ల వచ్చినవే, మా దగ్గర ఒకే పోస్టరు మీద పక్కపక్కనే అచ్చయి ఉంటాయి.

ఆ చట్టాన్ని జైళ్ళలో అందరం ‘ప్రీయా’ అంటాం. జైళ్ళలో అత్యాచారాల నిర్మూలన కోసం తెచ్చిన చట్టం. 2003 సెప్టెంబరు 4న అప్పటి అధ్యక్షుడు జార్జ్ డబ్ల్యూ బుష్ సంతకం చేశాడు. జైళ్ళు ఏం చెయ్యాలో, ఎన్ని గంటల్లో చెయ్యాలో చెప్పే ప్రమాణాలు మాత్రం 2012లో గానీ రాలేదు. అందులో ఒక నియమం ఇలా ఉంటుంది: ఫిర్యాదు చెయ్యడానికి జైలు లోపల ఎన్ని దారులున్నా సరే, జైలు శాఖతో సంబంధం లేని బయటి సంస్థకి చెప్పుకునే దారి కనీసం ఒకటైనా ఉండాలి. పేరు చెప్పడం ఇష్టం లేదంటే పేరు లేకుండానే చెప్పనివ్వాలి.

బయటి దారి ఎందుకని అడిగేవాళ్ళకి అమెరికా న్యాయశాఖ గణాంకాల విభాగం 2011–12లో చేసిన సర్వే చూపిస్తాను. ఏడాది కాలంలో తమ మీద లైంగిక వేధింపో దాడో జరిగిందని చెప్పినవాళ్ళు రాష్ట్ర, ఫెడరల్ జైళ్ళ ఖైదీల్లో 4 శాతం. తోటి ఖైదీల వల్ల అన్నవాళ్ళు 2 శాతం, సిబ్బంది వల్ల అన్నవాళ్ళు 2.4 శాతం. కొందరు రెండూ చెప్పారు కాబట్టి కలిపితే 4కి మించుతుంది. అంటే తాళంచెవులు ఎవరి నడుముకి వేలాడుతున్నాయో వాళ్ళ వల్ల జరిగిందే ఎక్కువ. అలాంటప్పుడు ఫిర్యాదు పెట్టె కూడా వాళ్ళ టేబుల్ మీదే ఉంటే అందులో ఎవరు కాగితం వేస్తారు?

ఇక మా ఫోను. ఆడిట్ దగ్గరపడినప్పుడు ఈ ప్రమాణాల అమలు చూసుకునే మా ప్రీయా కంప్లయన్స్ మేనేజర్‌తో కలిసి ఆ లైను పరీక్షించే పని నాకూ పడింది. ప్రతి జైలునీ మూడేళ్ళకోసారి బయటి ఆడిటర్ వచ్చి చూడాలి. ఆయన కంటే ముందు మనమే చూసుకుందాం అన్నది ఆవిడ ఆలోచన, మంచిదే. లెక్కింపు వేళ ఖైదీలంతా సెల్స్‌లో ఉండగా డే రూమ్‌లోకి, అంటే ఖైదీలు పగలు కలిసి కూర్చునే గదిలోకి వెళ్ళాం. గోడకి వరసగా ఫోన్లు. ఒకదానికి ఇంకొకదానికి మధ్య చిన్న రేకు అడ్డం తప్ప ఏమీ లేదు. రిసీవరు తీగ ఎంత పొట్టిదంటే, మాట్లాడేవాడు గోడ వైపే మొహం పెట్టి నిలబడాలి, వెనక ఎవరు నిలబడ్డారో కనపడదు. పోస్టరు సరిగ్గా ఫోన్లకి పైనే అంటించారు. పెద్ద అక్షరాలు, కొట్టొచ్చే రంగు. ఆ పోస్టరు వైపు చూస్తూ నంబరు నొక్కేవాడు ఎక్కడికి చేస్తున్నాడో గది ఆ చివర కూర్చున్నవాడికి కూడా అర్థమైపోతుంది. నంబరు నాలుగంకెలే కాబట్టి, వేళ్ళు ఆగిన తీరు బట్టి కూడా తెలుస్తుంది. ఇంటికి చేసేవాడు పొడుగాటి నంబరు కొడతాడు.

రిసీవరు ఎత్తగానే వచ్చిన మొదటి మాట: ఈ కాల్ రికార్డు అవుతుంది. రెండో మాట: మీ ఖైదీ నంబరు, పిన్ నొక్కండి. పేరు లేకుండా చెప్పుకోవచ్చని పోస్టరు మీద రాసి ఉంది. పిన్ కొట్టనిదే లైను కలవదు. అవతల ఎత్తినామెకి మన పేరు తెలియకపోవచ్చు, కానీ ఏ పిన్‌తో, ఏ ఫోన్ నుంచి, ఎన్ని గంటలకి కాల్ వెళ్ళిందో జైలు ఫోన్ వ్యవస్థలో రాసి ఉంటుంది. ఆ లాగ్ చూసే అనుమతి ఎవరెవరికి ఉందో మా మేనేజర్‌ని అడిగాను. ఆవిడ నిజాయితీగా ఒక జాబితా చదివింది. అది చిన్న జాబితా కాదు. నేను తగ్గించిన మూడు మార్కుల్లో చాలావరకు ఇక్కడే పోయాయి.

ఇంకో పెద్ద లోపం పోస్టరులోనే ఉంది. దాని మీద రెండు నంబర్లు. ఒకటి ఫిర్యాదు కోసం. దానికి చేస్తే ఆ సంస్థ విన్నది విన్నట్టు వెంటనే జైలు అధికారులకి పంపుతుంది, దర్యాప్తు మొదలవుతుంది. రెండోది మనసులో మాట చెప్పుకోడానికి, ఊళ్ళోని అత్యాచార బాధితుల సహాయ కేంద్రానిది. అక్కడ చెప్పింది జైలుకి చేరదు, దాన్ని ఫిర్యాదు కింద లెక్కెయ్యరు. ఇవి రెండూ వేర్వేరు పనులు, వేర్వేరు మనుషుల కోసం పెట్టినవి. పోస్టరు మాత్రం రెంటినీ కలిపి ‘సహాయం కోసం కాల్ చేయండి’ అంటుంది. దీనివల్ల రెండు రకాల నష్టం. ఎవరితోనైనా మాట్లాడితే చాలనుకున్నవాడు మొదటి నంబరు కొడితే, మర్నాడు పొద్దున్నే అతన్ని దర్యాప్తు అధికారి పిలిపిస్తాడు, అతనుండే బ్లాకు, అంటే యూనిట్ అంతా చూస్తుంది. ఫిర్యాదు చేశాననుకున్నవాడు రెండో నంబరు కొడితే, ఏమీ జరగదు. నేను చెప్పినా ఎవరూ పట్టించుకోలేదని అతను వారాల తరబడి అనుకుంటూ ఉంటాడు. నంబర్లు సరిగ్గా పనిచేస్తున్నా సరే, మనిషి మోసపోయినట్టే.

భాష సంగతి కూడా చూశాను. మెనూ ఇంగ్లీషు, స్పానిష్ రెండిట్లోనే ఉంది. తెలుగు మాట్లాడేవాళ్ళు కావాలని అడిగాను. అవతలామె చాలా ఓపిగ్గా విని, లైన్లో ఉండమని, కాసేపటికి ఫోన్లోనే దుబాసీని కలిపింది. దుబాసీ భాష బాగుంది, మర్యాదగా మాట్లాడాడు. కానీ తెలుగు కావాలని అడగడానికి నాకు ఇంగ్లీషు వచ్చింది. రానివాడు ఆ మెనూ దాటడు. ప్రమాణాల ప్రకారం, ఆలస్యమైతే మనిషికి ప్రమాదమనే అరుదైన సందర్భాల్లో తప్ప ఇలాంటి విషయాల్లో తోటి ఖైదీని దుబాసీగా పెట్టకూడదు. ఫోన్ మెనూ దాటలేనివాడు చివరికి వెళ్ళేది పక్క సెల్‌లో ఇంగ్లీషు వచ్చినవాడి దగ్గరికే.

మెచ్చుకోవాల్సినవి కూడా చెప్పాలి. కాల్‌కి డబ్బు పడదు. ఎత్తేది మనిషే, యంత్రం కాదు. మేం రాత్రిపూట చేసినప్పుడు కూడా ఎత్తారు. దాడి జరిగి ఎన్నాళ్ళయినా తీసుకుంటారు. నిజానికి లైంగిక దాడి ఫిర్యాదుకి జైళ్ళు గడువు పెట్టకూడదని ప్రమాణాలే చెబుతున్నాయి. పాత జైల్లో జరిగినదాన్ని కొత్త జైల్లో చెప్పినా, ఆ పాత జైలుకి 72 గంటల్లోపు తెలియజెయ్యాలి. ఇవన్నీ ఖైదీకి తెలియవు, మా సిబ్బందిలోనే చాలామందికి తెలియవు.

ఇప్పుడు నా వైపు సంగతి. ఖైదీ ఫోను వదిలేసి నేరుగా మెడికల్‌కి వచ్చాడనుకోండి. తలుపు వేసి కూర్చోబెట్టగానే నేను చెప్పాల్సిన మొదటి మాట ఏమిటంటే, ఇలాంటిది చెబితే నేను దాచలేను, పైవాళ్ళకి తెలియజెయ్యాల్సిందే అని. వైద్య సిబ్బంది ఈ మాట ముందే చెప్పాలన్నది నియమం, అలా ఉండడమే న్యాయం కూడా. చెప్పించుకుని తర్వాత బయటపెడితే అది ద్రోహం. కానీ ఆ మాట విన్నాక నోరు మూసుకుని, కడుపునొప్పి అని మాత్రలు పట్టుకుని వెళ్ళిపోయేవాళ్ళు ఉంటారని జైల్లో పనిచేసే ఏ నర్సునడిగినా చెబుతుంది. మా ఉద్యోగాల్లో ఎవరికి చెప్పినా అది కాగితం ఎక్కుతుంది. కాగితం ఎక్కని చోట ఒక్కసారి నోరు విప్పగలిగితే, కాగితం ఎక్కించే ధైర్యం తర్వాత వస్తుంది. అడ్వొకేట్ సేవ విలువ నాకు అర్థమైంది అందుకే.

దాడి జరిగి ఎక్కువ కాలం కాకపోతే మొదట స్పందించిన ఆఫీసరు ఇద్దర్నీ విడదియ్యాలి, చోటు చెదరకుండా కాపలా పెట్టాలి. స్నానం చెయ్యొద్దని, పళ్ళు తోముకోవద్దని, బట్టలు మార్చుకోవద్దని, వీలైతే బాత్రూమ్‌కి వెళ్ళొద్దని, ఏమీ తినొద్దు, తాగొద్దని బాధితుణ్ణి అడగాలి. ‘అడగాలి’ అనే రాశారు చూడండి, ఆజ్ఞాపించాలని రాయలేదు. నిందితుడి విషయంలో మాత్రం అలా చెయ్యకుండా చూడాలని ఉంది. ఈ తేడా తెలిసిన ఆఫీసరు దొరికితే ఆ మనిషికి ఆ రోజు సగం బరువు తగ్గుతుంది. తెలియనివాడైతే బాధితుణ్ణి నీళ్ళు కట్టేసిన సెల్‌లో పెట్టి, అది రక్షణే అనుకుంటాడు.

తర్వాత ఆసుపత్రి. సాక్ష్యాలు సేకరించే పరీక్ష మేం చెయ్యం, దానికి ప్రత్యేకంగా శిక్షణ పొందిన నర్సులుంటారు. ఖైదీ ఒక్క పైసా కట్టక్కర్లేదు. ఈ పరీక్ష గురించి తెలియనివాళ్ళ కోసం కొంచెం చెబుతాను. నేల మీద పెద్ద కాగితం పరిచి, దాని మీద నిలబడి బట్టలు విప్పమంటారు, రాలిన వెంట్రుక, దారప్పోగు అందులోనే పడాలని. ప్రతి బట్టా విడిగా కాగితం సంచిలో పెడతారు. ప్లాస్టిక్ సంచిలో పెడితే తడి ఆరక సాక్ష్యం పాడైపోతుంది. తర్వాత ఒక్కో చోట దూది పుల్లతో నమూనా తీసి, ఆరబెట్టి, కవరులో పెట్టి, సీలు వేసి, సంతకం. గంటలు పడుతుంది. ఈ మొత్తంలో మనిషి కాళ్ళకి సంకెళ్ళుంటాయి, గదిలోనో గుమ్మం దగ్గరో యూనిఫారం వేసుకున్న ఆఫీసరుంటాడు. తన మీద దాడి చేసింది అదే యూనిఫారం అయి ఉంటే?

ఈ గదిలోకి వస్తుంది అడ్వొకేట్. ఆమెకి జైలు జీతం ఇవ్వదు, పోలీసులూ ఇవ్వరు. ఆమె రిపోర్టు రాయదు, ప్రశ్నలు వెయ్యదు. మంచం తల వైపు కుర్చీ లాక్కుని కూర్చుంటుంది, కాళ్ళ వైపు ఎప్పుడూ నిలబడదు. ఒక్కో మెట్టుకీ ముందు నర్సు ఏం చెయ్యబోతోందో చెప్పించి, ఇది వద్దంటే వద్దనొచ్చు, మధ్యలో ఆపమన్నా ఆపుతారు, మిగతావి చేయించుకోవచ్చు అని మళ్ళీ మళ్ళీ గుర్తుచేస్తుంది. జైల్లో ఏళ్ళ తరబడి ‘విప్పు, తిరుగు, వంగు’ అన్న మాటలకి అలవాటుపడ్డ మనిషికి ‘వద్దనొచ్చు’ అనే మాట ఎంత కొత్తగా ఉంటుందో ఊహించండి. ఆఫీసరుని గోడ వైపు తిరిగి నిలబడమనో, తెర అవతల ఉండమనో మర్యాదగా, గట్టిగా అడిగేది ఆమే. నేను తోడు వెళ్ళినప్పుడు ఆ మాట అడగడానికి నాకున్న అధికారం కంటే ఆమెకున్నది ఎక్కువేమీ కాదు. కానీ ఆమె రేపు అదే ఆఫీసరుతో కలిసి పని చెయ్యాల్సిన అవసరం లేదు. ఆ స్వేచ్ఛ ఆ గదిలో చాలా పనికొస్తుంది.

పైగా ఆమె ఆ రాత్రితో వదిలెయ్యదు. ఉత్తరాలు రాస్తుంది, వీలైనప్పుడు వచ్చి కలుస్తుంది, దర్యాప్తు అధికారి మాట్లాడేటప్పుడు కావాలంటే పక్కన ఉంటుంది. దర్యాప్తు ఎక్కడిదాకా వచ్చిందో అడిగి తెలుసుకునే హక్కు ఉందని చెబుతుంది. చివరికి రుజువైందనో, తేలలేదనో, జరగలేదని తేలిందనో ఆ మూడింట్లో ఏదో ఒకటి బాధితుడికి తెలియజెయ్యాలి. ‘తేలలేదు’ అంటే ‘నువ్వు అబద్ధం చెప్పావు’ అని కాదని ఆమె కూర్చోబెట్టి చెబుతుంది. ఆ కాగితాన్ని సెల్ తలుపు కింద నుంచి తోసేసి వెళ్ళిపోవడానికీ దీనికీ ఎంత తేడా!

ఒక్క లోటు ఉంది, అది ఆమెది కాదు. తిరిగొచ్చాక మందుల సంగతి. హెచ్ఐవి సోకకుండా ఇచ్చే మందు 72 గంటల్లోపు మొదలెట్టి 28 రోజులు వాడాలి. జైల్లో ఆ మాత్రని మందులిచ్చే కిటికీ దగ్గర వరసలో నిలబడి మింగాలి. ఎవరికి ఏ మాత్ర పడుతుందో వరసలో ఉన్నవాళ్ళకి రంగు చూసి తెలుస్తుంది, మందు పేర్లు మాకంటే వాళ్ళకే బాగా వచ్చు. అందుకని మా డాక్టరుని ఒప్పించి, అలాంటి మందులున్నవాళ్ళని బీపీ చూసే వేళకి విడిగా పిలవడం మొదలెట్టాం. దానికి కొత్త సిబ్బంది అక్కర్లేదు, కొత్త బడ్జెట్ అక్కర్లేదు, టైమ్ టేబుల్ మారిస్తే చాలు. మిగతా జైళ్ళలో పనిచేసే నర్సులు ఇది చదువుతుంటే, దయచేసి మీ దగ్గర కూడా అడిగి చూడండి.

ఇంకొకటి, నాకు కోపం తెప్పించేది. చెప్పినవాణ్ణి రక్షణ పేరుతో ఏకాంత సెల్‌లో పెట్టడం. వేరే దారులన్నీ చూసి, ఏదీ లేదని తేల్చుకున్నాకే అలా చెయ్యాలి, మామూలుగా 30 రోజులు దాటకూడదు, చదువు, పని వీలైనంతవరకు ఆపకూడదు అని ప్రమాణాలు చెబుతున్నాయి. కానీ ఆ సెల్ చూసిన తోటి ఖైదీలకి అర్థమయ్యేది ఒకటే: ఫోన్ చేస్తే అక్కడికెళ్తాం. యూనిట్‌లో ఒక్కరిని అలా తీసుకెళ్ళాక, ఆ గోడ మీది నంబరు ఎంత బాగా పనిచేసినా దాన్ని ముట్టుకునేవాడు ఉండడు. ప్రతీకారం జరగకుండా కనీసం 90 రోజులు కనిపెట్టుకుని ఉండాలన్న నియమం ఉంది. మా మేనేజర్ దాన్ని నిజంగా చేస్తుంది, యూనిట్‌కి వెళ్ళి అతని ఉద్యోగం మారిందా, సెల్ మారిందా, క్రమశిక్షణ కేసులు పెరిగాయా అని కాగితాలు తిప్పుతుంది. అందుకు ఆవిడకి నమస్కారం.

పోస్టరు, శిక్షణ, ఆడిట్ అన్నీ ఉన్నా ఏం జరగగలదో కాలిఫోర్నియాలోని డబ్లిన్ మహిళల ఫెడరల్ జైలు చూపించింది. అక్కడి వార్డెన్ రే గార్సియా ఖైదీలని లైంగికంగా వేధించినట్టు 2022 డిసెంబరులో జ్యూరీ తేల్చింది, 2023లో 70 నెలల శిక్ష పడింది. ఇలాంటి దాడులని ఎలా ఫిర్యాదు చెయ్యాలో అక్కడి సిబ్బందికీ ఖైదీలకీ నేర్పే శిక్షణకి కూడా బాధ్యుడు ఆయనే. 2024 ఏప్రిల్‌లో ఆ జైలు మూసేస్తున్నామని ప్రకటించారు, అదే ఏడాది డిసెంబరులో 103 మంది మహిళలకి దాదాపు 11.6 కోట్ల డాలర్లు ఇచ్చేందుకు ప్రభుత్వం ఒప్పుకుంది. బయటికి వెళ్ళే లైను నిజంగా బయటికే వెళ్ళాలని నేను పట్టుబట్టేది ఇందుకే.

మా దగ్గర అడిగినవాటిలో పోస్టరు మారింది. ఇప్పుడు రెండు నంబర్లు రెండు రంగుల్లో, ఏది జైలుకి చేరుతుందో ఏది చేరదో ఒక్కో వాక్యంలో రాసి ఉంది. డే రూమ్‌లోనే కాక సెల్స్ లోపలా, మెడికల్ బాత్రూమ్ తలుపు వెనకా అంటించారు, ఎవరూ చూడకుండా చదువుకోవచ్చు. పిన్ మాత్రం ఇంకా అడుగుతోంది. ఫోన్ కంపెనీ ఆ రెండు నంబర్లకీ తీసెయ్యొచ్చని చెప్పిందట, పై ఆఫీసు అనుమతి కోసం కాగితం వెళ్ళింది. అది తీసేసిన రోజు ఈ రివ్యూలో మార్కులు 4కి మారుస్తాను.

మీవాళ్ళెవరైనా లోపల ఉంటే ఒక సంగతి తెలుసుకోండి. ఖైదీ తరఫున బయటివాళ్ళెవరైనా ఫిర్యాదు ఇవ్వొచ్చు, తల్లయినా, స్నేహితుడైనా, లాయరైనా. ఎలా ఇవ్వాలో ప్రతి జైలు శాఖా బహిరంగంగా తెలపాలి, మామూలుగా వాళ్ళ వెబ్‌సైట్‌లో ఉంటుంది. ఇచ్చే ముందు అతనికి అది ఇష్టమేనా అని వీలైతే ఎదురుగా కలిసినప్పుడు అడగండి, జైలు ఫోన్లో అడగొద్దు, రికార్డవుతుంది. ఖైదీ నంబరు, యూనిట్, తేదీ రాయండి, ఫిర్యాదు అందినట్టు రాతపూర్వకంగా జవాబు అడగండి, మీ కాపీ దాచుకోండి. అలాగే ఆ జైలున్న ఊరి అత్యాచార బాధితుల సహాయ కేంద్రం చిరునామా కనుక్కుని, మీ తర్వాతి ఉత్తరంలో మిగతా కబుర్ల మధ్య రాసి పంపండి.